సొంత ఫొటోలకు సొంత వెబ్‌సైట్: స్టాటిక్ సైటును తయారుచేసి ప్రచురించడం ఎలా?

ఆర్కుట్ 2014 సెప్టెంబరు 30న మూతపడింది. భారత్, బ్రెజిల్ దేశాలలో ఒకప్పుడు విశేష ఆదరణ పొందిన ఆ సామాజిక మాధ్యమంలో ఎందరో తమ పెళ్లి ఫొటోలను, కళాశాల వీడ్కోలు సభల ఫొటోలను దాచుకున్నారు. ఆల్బమ్‌లను వెనక్కు తీసుకోవడానికి 2016 సెప్టెంబరు వరకు గడువు ఇచ్చినా, ఆ సంగతి తెలియనివారికి, అసలు ప్రతులు దగ్గర లేనివారికి ఆ ఫొటోలు తిరిగి దక్కలేదు.

అంతకు అయిదేళ్ల ముందు, 2009 అక్టోబరులో, లక్షలాది వ్యక్తిగత పేజీలకు నిలయమైన జియోసిటీస్‌ను యాహూ అమెరికాలో మూసివేసింది. ఫ్లికర్ తన ఉచిత ఖాతాలకు 2019లో 1,000 ఫొటోల పరిమితి విధించింది. గూగుల్ ఫొటోస్ 2021 జూన్ 1 నుంచి అపరిమిత ఉచిత నిల్వను నిలిపివేసింది. వ్యాపారం గిట్టుబాటు కానప్పుడు ఏ సంస్థ అయినా సేవను మార్చుకుంటుంది, లేదా ఆపివేస్తుంది. ఇందులో ఆశ్చర్యపడవలసినది లేదు. అయితే మన దగ్గర మరో ప్రతి లేకుండా, అక్కడ ఒక్కచోటే ఫొటోలను ఉంచుకోవడం మాత్రం ప్రమాదకరం.

ఈ సమస్యకు అంతర్జాలం పుట్టిననాటి నుంచీ ఒక సాదాసీదా పరిష్కారం ఉంది. అదే సొంత స్టాటిక్ వెబ్‌సైట్. దీనికి ప్రోగ్రామింగ్‌లో ప్రావీణ్యం అవసరం లేదు. సొంత పేరు కావాలనుకుంటే ఏడాదికొకసారి డొమైన్ రుసుము చెల్లించాలి. అది వద్దనుకుంటే, చిన్న సైటుకు పైసా ఖర్చు లేదు.

వివరణ సులభంగా ఉండటానికి ఒక ఉదాహరణ తీసుకుందాం. 1980ల ఆరంభంలో శ్రీశైలం జలాశయంలో కృష్ణా తీరాన ఉన్న అనేక గ్రామాలు మునిగిపోయాయి. సంగమేశ్వర ఆలయం వంటివి నీటిమట్టం తగ్గిన వేసవి రోజులలో మాత్రమే బయటపడతాయి. ఆ ఊళ్ల వీధులు, అరుగులు, జాతరలు ఎలా ఉండేవో చెప్పే ఫొటోలు ఎక్కువగా కుటుంబాల ఆల్బమ్‌లలోనే మిగిలాయి. అటువంటి ఒక కుటుంబం తమ దగ్గరున్న 120 ఫొటోలను వేర్వేరు ఊళ్లలో, దేశాలలో స్థిరపడిన బంధువులందరూ చూసేలా ఉంచాలనుకున్నదని భావిద్దాం.

స్టాటిక్ సైటు అంటే ఏమిటి?

ముందుగానే సిద్ధంచేసి ఉంచిన ఫైళ్లను, అడిగినవారికి అడిగినట్లే, ఏ మార్పూ లేకుండా అందించే వెబ్‌సైటును స్టాటిక్ సైటు అంటారు. పేజీలోని విషయం హెచ్‌టీఎంఎల్ ఫైలులో ఉంటుంది. రంగులు, అక్షరాల పరిమాణం, అమరిక వంటివి సీఎస్ఎస్ ఫైలులో ఉంటాయి. వీటికి ఫొటోలు తోడవుతాయి. అంతకుమించి ఇందులో ఏమీ లేదు.

2003లో వచ్చిన వర్డ్‌ప్రెస్ వంటి వ్యవస్థల తీరు వేరు. అక్కడ పాఠకుడు పేజీ అడిగినప్పుడు సర్వర్‌లోని ప్రోగ్రామ్ డేటాబేస్ నుంచి సమాచారాన్ని తీసి, పేజీని అప్పటికప్పుడు కూర్చి పంపుతుంది. ఒకటి అచ్చువేసి అరలో పెట్టిన పుస్తకం వంటిదైతే, రెండవది అడిగినప్పుడు వండి వడ్డించే భోజనశాల వంటిది. భోజనశాలకు వంటవారు, పొయ్యి, నిత్య శుభ్రత కావాలి. వర్డ్‌ప్రెస్‌కూ అలాగే ప్లగిన్‌ల అప్‌డేట్లు, భద్రతా సవరణలు క్రమం తప్పకుండా కావాలి. రెండేళ్లు పట్టించుకోని వర్డ్‌ప్రెస్ సైటులోకి దుండగులు చొరబడే అవకాశం ఎక్కువ. పట్టించుకోని స్టాటిక్ సైటులో చొరబడటానికి ప్రోగ్రామూ లేదు, డేటాబేసూ లేదు.

బ్రిటిష్ శాస్త్రవేత్త టిమ్ బెర్నర్స్-లీ స్విట్జర్లాండ్‌లోని సెర్న్ పరిశోధన కేంద్రంలో రూపొందించిన తొలి వెబ్‌సైటు 1991లో బయటి ప్రపంచానికి తెలిసింది. అది కూడా స్టాటిక్ సైటే. దాని పునరుద్ధరించిన ప్రతిని నేటి ఫోన్‌లోని బ్రౌజర్ కూడా ఇబ్బంది లేకుండా చూపిస్తుంది. ముప్పై ఏళ్ల కిందటి కంప్యూటర్ ఫైళ్లలో ఇంత సులువుగా తెరుచుకునేవి తక్కువ.

పరిమితులు లేకపోలేదు. వ్యాఖ్యలు స్వీకరించడం, లాగిన్ ద్వారా కొందరికే అనుమతి ఇవ్వడం, వస్తువులు అమ్మడం వంటివి స్టాటిక్ సైటు తనంతట తాను చేయలేదు. ఫొటోలు చూపించి, వాటి కథ చెప్పడానికి మాత్రం అవేవీ అవసరం లేదు.

ముందుగా ఫొటోల సంగతి

చాలామంది పేజీ రూపకల్పనతో మొదలుపెట్టి, ఫొటోల దగ్గరకు వచ్చేసరికి అలసిపోతారు. నిజానికి ఈ పనిలో మూడువంతులు ఫొటోలను సిద్ధం చేయడమే. అక్కడి నుంచే ప్రారంభించడం మేలు.

పాత అచ్చు ఫొటోలను స్కానర్‌పై అంగుళానికి 600 చుక్కల స్పష్టతతో స్కాన్ చేయాలి. నాలుగు అంగుళాల వెడల్పు, ఆరు అంగుళాల పొడవు ఉన్న ఫొటో ఆ లెక్కన 2,400 × 3,600 పిక్సెళ్ల చిత్రం అవుతుంది. తెరపై చూడటానికే కాక, మళ్లీ పెద్దదిగా ముద్రించుకోవడానికి కూడా అది చాలు. స్కానర్ లేనివారు కిటికీ పక్కన, నేరుగా ఎండ పడని చోట, ఫ్లాష్ ఆపి ఫోన్‌తో తీయవచ్చు. ఆల్బమ్‌పై ఉన్న ప్లాస్టిక్ పొరను మాత్రం ముందు జాగ్రత్తగా ఎత్తాలి. లేకపోతే దాని మెరుపే ఫొటోలో పడుతుంది. పొర అంటుకుపోయి ఉంటే బలవంతంగా లాగవద్దు.

ఫొటో వెనుక వైపును కూడా స్కాన్ చేయడం మరవరాదు. స్టూడియో ముద్ర, తేదీ, తాతగారో అమ్మమ్మగారో పెన్సిలుతో రాసిన రెండు మాటలు సాధారణంగా అక్కడే ఉంటాయి. ముందువైపు మనిషి ఎలా ఉన్నారో చూపిస్తే, ఆ మనిషి ఎవరో చెప్పేది వెనుకవైపే.

ఫోన్‌లో ఉన్న ఫొటోల విషయంలో రెండు జాగ్రత్తలు అవసరం. వాట్సాప్‌లో మామూలు ఫొటోగా వచ్చినది అప్పటికే కుదించిన ప్రతి. వీలైతే తీసినవారి దగ్గర నుంచి అసలు ఫైలును డాక్యుమెంట్ రూపంలో పంపమని అడగాలి. రెండవది, కొత్త ఐఫోన్‌లు హెచ్ఈఐసీ అనే రూపంలో ఫొటోలను భద్రపరుస్తాయి. సఫారీ మినహా ప్రధాన బ్రౌజర్లు వాటిని చూపించవు కాబట్టి జేపెగ్ రూపంలోకి మార్చుకోవాలి.

ఇక పరిమాణం సంగతి. నేటి ఫోన్ తీసే ఒక్కో ఫొటో మూడు నుంచి అయిదు మెగాబైట్ల వరకు ఉంటుంది. 120 ఫొటోలను అలాగే పేజీలో పెడితే, సగటున నాలుగు మెగాబైట్ల చొప్పున, 480 మెగాబైట్లు అవుతుంది. రోజుకు ఒకటి, ఒకటిన్నర గిగాబైట్ల డేటాతో సరిపెట్టుకునే బంధువు మన సైటును ఒక్కసారి తెరిస్తే, ఆ రోజు డేటాలో పెద్ద భాగం ఖర్చయిపోతుంది. ఇది మర్యాద కాదు.

అందుకే ప్రతి ఫొటోకూ మూడు ప్రతులు ఉండాలి. మొదటిది అసలు ప్రతి. దానిని ముట్టుకోకూడదు, సైటులో పెట్టకూడదు. రెండవది పొడవైన వైపు 1,600 పిక్సెళ్లకు తగ్గించిన పెద్ద ప్రతి. జేపెగ్‌లో నాణ్యతను 80 దగ్గర ఉంచితే ఇది సుమారు 300 కిలోబైట్లకు దిగుతుంది. మూడవది 400 పిక్సెళ్ల చిన్న ప్రతి. ఇది 30 కిలోబైట్ల దగ్గర ఉంటుంది. ఈ లెక్కన 120 పెద్ద ప్రతులు 36 మెగాబైట్లు, చిన్న ప్రతులు నాలుగు మెగాబైట్లకు లోపు. గ్యాలరీ పేజీలో చిన్న ప్రతులే కనిపిస్తాయి. నొక్కినప్పుడే పెద్దది తెరుచుకుంటుంది.

1992 నాటి జేపెగ్‌కు బదులు, గూగుల్ 2010లో ప్రవేశపెట్టిన వెబ్‌పీ రూపాన్ని వాడితే పరిమాణం ఇంకా తగ్గుతుంది. నేటి బ్రౌజర్లన్నీ దానిని చూపిస్తాయి. అయినప్పటికీ, దశాబ్దాలు నిలవాలనుకునే కుటుంబ ఫొటోల విషయంలో పాతబడిన జేపెగే నమ్మదగినదని ఈ వ్యాసకర్త అభిప్రాయం. బంధువులు ఆ ఫైలును దించుకుని ఊళ్లోని ఫొటో స్టూడియోకు ముద్రణకు ఇచ్చినా ఎవరూ తెరవలేమని అనరు.

పది, ఇరవై ఫొటోలకైతే స్క్వూష్ అనే ఉచిత సాధనం బ్రౌజర్‌లోనే పని పూర్తిచేస్తుంది. వంద దాటితే ఇమేజ్‌మ్యాజిక్ వంటి సాఫ్ట్‌వేర్ ఒకే ఆదేశంతో మొత్తం ఫోల్డర్‌ను మార్చివేస్తుంది. అయితే అందులోని మోగ్రిఫై అనే ఆదేశం, వేరే ఫోల్డర్ పేరు చెప్పకపోతే, అసలు ఫైలు స్థానంలోనే కుదించిన ఫైలును రాసేస్తుంది. కాబట్టి అసలు ప్రతులను వేరే డిస్కులో భద్రపరిచిన తరువాతే దాని జోలికి వెళ్లాలి.

ఫైళ్ల పేర్లు చిన్న విషయంగా కనిపిస్తాయి కానీ, ప్రచురణ రోజున ఎక్కువ తిప్పలు పెట్టేవి అవే. కెమెరా ఇచ్చే అంకెల పేర్లను తీసివేసి స్థలం, సంవత్సరం, వరుససంఖ్య వచ్చేలా ఆంగ్ల చిన్నబడి అక్షరాలలో పేరు పెట్టాలి. మాటల మధ్య ఖాళీ వదలకుండా అడ్డగీత వాడాలి. తెలుగులో పేరు పెట్టినా పనిచేస్తుంది. కానీ ఆ లంకెను ఎవరికైనా పంపినప్పుడు శాతం గుర్తులు, అంకెలు కలిసిన పొడవాటి గొలుసుగా మారిపోతుంది.

పేజీని కూర్చడం

కంప్యూటర్‌లో ఒక ఫోల్డర్ తెరిచి, అందులో ఇండెక్స్ అనే పేరుతో ఒక హెచ్‌టీఎంఎల్ ఫైలు, ఒక సీఎస్ఎస్ ఫైలు, చిన్న ఫొటోలకూ పెద్ద ఫొటోలకూ చెరొక ఉపఫోల్డర్ ఏర్పాటు చేసుకోవాలి. ఇండెక్స్ అన్న పేరు మార్చకూడదు. సైటు చిరునామా కొట్టగానే సర్వర్ ముందుగా వెదికేది ఆ ఫైలునే. నోట్‌ప్యాడ్‌లో కూడా దీనిని రాయవచ్చు. ఉచితంగా లభించే విజువల్ స్టూడియో కోడ్‌లో తప్పులు సులువుగా కనిపిస్తాయి.

గ్యాలరీకి అవసరమైన హెచ్‌టీఎంఎల్ చాలా తక్కువ. ఒక్కో ఫొటోకు ఫిగర్ అనే ట్యాగ్, దానిలోపల పెద్ద ఫొటోకు లంకె, ఆ లంకెలో చిన్న ఫొటో, దాని కింద ఫిగ్‌క్యాప్షన్ ట్యాగ్‌లో వివరణ ఉంటాయి. ఈ నాలుగు వరుసలే 120 సార్లు పునరావృతమవుతాయి. చిన్న ఫొటో వెడల్పు, ఎత్తులను ట్యాగ్‌లోనే అంకెలలో చెబితే, ఫొటోలు ఒక్కొక్కటే దిగుతున్నప్పుడు పేజీ పైకీ కిందికీ గెంతకుండా స్థిరంగా ఉంటుంది. లోడింగ్ అన్న గుణానికి లేజీ అని విలువ ఇస్తే, పాఠకుడు కిందికి జరిపి దగ్గరకు వచ్చే వరకు ఆ ఫొటో దిగదు. వేగం తక్కువ ఉన్న పల్లెలో దీని విలువ తెలుస్తుంది.

అమరికకు సీఎస్ఎస్‌లోని గ్రిడ్ పద్ధతి సరిపోతుంది. ఒక్కో గడికి కనీసం 200 పిక్సెళ్ల వెడల్పు ఉండాలని, మిగిలిన స్థలాన్ని సమానంగా పంచుకోవాలని చెప్పే ఒక్క వాక్యంతో, ఫోన్‌లో ఒకటి లేదా రెండు వరుసలుగా, కంప్యూటర్ తెరపై అయిదారు వరుసలుగా గ్యాలరీ తనంతట తానే సర్దుకుంటుంది. ఫొటోను నిండు తెరపై చూపి, వేలితో పక్కకు జరిపే సౌకర్యం కావాలనుకుంటే ఫొటోస్వైప్ వంటి ఉచిత జావాస్క్రిప్ట్ లైబ్రరీని చేర్చుకోవచ్చు. అది పనిచేయకపోయినా, లంకె నొక్కితే పెద్ద ఫొటో తెరుచుకునేలా ముందే రాసుకున్నాం కనుక నష్టం లేదు.

ఫొటోలు యాభైకి మించితే చేత్తో రాయడం విసుగు పుట్టిస్తుంది. అటువంటి సందర్భాలలో స్టాటిక్ సైట్ జనరేటర్లు తోడ్పడతాయి. 2008లో వచ్చిన జెకిల్, 2013లో వచ్చిన హ్యూగో వీటిలో ప్రసిద్ధమైనవి. వివరణలను ఒక పట్టికలో రాసి ఇస్తే, మూసలో పోసినట్లు పేజీలన్నిటినీ అవే తయారుచేస్తాయి. హ్యూగో అయితే చిన్న, పెద్ద ప్రతులను కూడా తానే చేస్తుంది. పైథాన్ తెలిసినవారికి సిగల్ అనే ప్రత్యేక గ్యాలరీ సాధనం ఉంది. వీటిని నేర్చుకోవడానికి ఒకటి రెండు సాయంత్రాలు పడుతుంది. ఒక్క గ్యాలరీ పెట్టి వదిలేసేవారికి అంత శ్రమ అవసరమా అన్నది ఆలోచించుకోవలసిన విషయం.

తెలుగు సరిగా కనిపించాలంటే

1990లలో, 2000ల తొలినాళ్లలో తెలుగు వార్తా సైట్లు చదవాలంటే ఆ సంస్థ ఫాంటును విడిగా దించుకోవలసి వచ్చేది. ఆ ఫాంటు లేనిచోట ఆ పాఠం అర్థంలేని గుర్తుల వరుసగా మిగిలేది. యూనికోడ్ వ్యాప్తితో ఆ బెడద తీరింది. మన పేజీలోనూ పాఠాన్ని యూనికోడ్‌లోనే టైపు చేసి, ఫైలును యూటీఎఫ్-8 రూపంలో భద్రపరిచి, ఆ విషయాన్ని పేజీ ఆరంభంలోనే ప్రకటించాలి. డీటీపీ కేంద్రంలో పాత ఫాంట్లతో టైపు చేయించిన వంశవృక్షం వంటివి ఉంటే, ముందుగా యూనికోడ్‌లోకి మార్పించుకోవాలి.

పేజీ భాష తెలుగు అని హెచ్‌టీఎంఎల్ ట్యాగ్‌లో తెలపడం కూడా ముఖ్యమే. చూపులేనివారు వాడే తెర చదివే సాఫ్ట్‌వేర్ దానిని బట్టే తెలుగు గొంతును ఎంచుకుంటుంది. ప్రతి ఫొటోకూ ఆల్ట్ అనే గుణంలో ఒక వాక్యం రాయాలి. అందులో ‘ఫొటో 14’ అని రాస్తే వినేవారికి ఏమీ తెలియదు. ‘పెంకుటింటి అరుగుపై కూర్చున్న ముగ్గురు స్త్రీలు, వెనుక వేపచెట్టు’ అని రాస్తే ఆ దృశ్యం వారికీ అందుతుంది.

ప్రత్యేక తెలుగు ఫాంటు అవసరమా? సాధారణంగా అవసరం లేదు. ఆండ్రాయిడ్, ఐఫోన్, విండోస్ అన్నిటిలోనూ తెలుగు ఫాంటు ముందే ఉంటుంది. మనం పంపే ఫాంటు ఫైలు వందల కిలోబైట్ల బరువు అదనంగా మోపుతుంది. దానికి బదులు వరుసల మధ్య దూరాన్ని అక్షర పరిమాణానికి 1.6 రెట్లకు తగ్గకుండా ఉంచితే చాలు. ఆంగ్లానికి కుదిరే దూరంలో తెలుగు ఒత్తులు, పై వరుస గుడులు ఒకదానితో ఒకటి ఢీకొంటాయి.

ప్రచురణ ఎక్కడ, ఎలా?

స్టాటిక్ సైట్లకు ఉచితంగా చోటిచ్చే సేవలు అనేకం ఉన్నాయి. గిట్‌హబ్ పేజెస్, నెట్లిఫై, క్లౌడ్‌ఫ్లేర్ పేజెస్ వాటిలో పేరొందినవి. ఫోల్డర్‌ను మౌస్‌తో లాగి వదిలితే సైటు సిద్ధమయ్యే పద్ధతి నెట్లిఫైలో ఉంది. మొదటిసారి ప్రయత్నించేవారికి అది సులువు. సైటు నిలిచి ఉండాలంటే ఖాతా తెరవడం తప్పనిసరి.

2008లో మొదలైన గిట్‌హబ్ పేజెస్‌లో ముందుగా ఖాతా తెరిచి, రిపోజిటరీ అనే భాండాగారాన్ని సృష్టించాలి. దానికి మన యూజర్ పేరు తరువాత ‘గిట్‌హబ్ డాట్ ఐఓ’ వచ్చేలా పేరు పెడితే, అదే సైటు చిరునామా అవుతుంది. ఫైళ్లను బ్రౌజర్ ద్వారానే ఎక్కించవచ్చు. ఒకసారికి 100 ఫైళ్లకు, ఒక్కో ఫైలు 25 మెగాబైట్లకు మించకూడదు. తరువాత సెట్టింగ్స్‌లోని పేజెస్ విభాగంలో ఏ శాఖ నుంచి ప్రచురించాలో ఎంచుకుంటే, కొద్ది నిమిషాలలో సైటు ప్రపంచమంతటా కనిపిస్తుంది.

ప్రచురించిన సైటు మొత్తం ఒక గిగాబైటుకు మించరాదని, నెలకు 100 గిగాబైట్ల వరకు మాత్రమే డేటా పంపిణీ కావాలని గిట్‌హబ్ పేజెస్ నియమం. మన 120 ఫొటోల సైటు 40 మెగాబైట్లు. ఒక సందర్శకుడు గ్యాలరీ అంతా చూసి, 20 ఫొటోలను పెద్దవిగా తెరిచినా పది మెగాబైట్లు దాటదు. అంటే నెలకు పది వేల మంది వచ్చినా పరిమితిలోనే ఉంటాం. ఆన్‌లైన్ వ్యాపారం నడపడానికి మాత్రం ఈ సేవను వాడరాదు.

ఇంట్లో కంప్యూటర్‌లో చక్కగా కనిపించిన సైటు, ఎక్కించిన తరువాత ఫొటోలు లేకుండా ఖాళీ గళ్లతో దర్శనమివ్వడం కొత్తవారికి తరచుగా ఎదురయ్యే అనుభవం. కారణం దాదాపు ప్రతిసారీ రెండింటిలో ఒకటి. విండోస్ పెద్దబడి, చిన్నబడి అక్షరాలను ఒకటిగానే చూస్తుంది. వెబ్ సర్వర్లు చూడవు. ఫైలు పేరు చివర జేపీజీ అని పెద్దబడిలో ఉండి, పేజీలో చిన్నబడిలో రాస్తే అక్కడ ఆ ఫైలు దొరకదు. రెండవ కారణం ఫైలు దారి. రిపోజిటరీకి వేరే పేరు పెట్టినప్పుడు సైటు చిరునామా చివర ఆ పేరు చేరుతుంది. ఫొటో దారిని ఏటవాలు గీతతో మొదలుపెడితే, బ్రౌజర్ ఆ పేరును వదిలేసి వెదుకుతుంది. గీత లేకుండా, పేజీ ఉన్న చోటు నుంచి దారి చెబితే ఈ చిక్కు రాదు. మార్పు చేసినా పాత పేజీయే కనిపిస్తున్నదంటే, అది బ్రౌజర్ దాచుకున్న ప్రతి. పేజీని పూర్తిగా రిఫ్రెష్ చేస్తే కొత్తది వస్తుంది.

సొంత పేరు కావాలంటే

డొమైన్ పేరు కొనుక్కోవడంలో అసలు ప్రయోజనం అందం కాదు, స్వేచ్ఛ. రేపు గిట్‌హబ్ నియమాలు మారినా, ఫోల్డర్‌ను మరో సేవకు తరలించి, డొమైన్‌ను అటువైపు తిప్పితే చాలు. బంధువులకు ఇచ్చిన చిరునామా మారదు.

భారతదేశానికి చెందిన ‘డాట్ ఇన్’ డొమైన్‌ను నిక్సీ నిర్వహిస్తోంది. తెలుగు లిపిలో ‘డాట్ భారత్’ డొమైన్ కూడా ఉంది. తెలుగు చిరునామా చూడముచ్చటగా ఉంటుంది కానీ, కొన్ని యాప్‌లు దానిని ‘ఎక్స్ఎన్’ అక్షరాలతో మొదలయ్యే యంత్రరూపంలో చూపిస్తాయి. విదేశాలలో ఉన్నవారికి తెలుగు కీబోర్డు లేకపోవచ్చు. కాబట్టి ఆంగ్ల చిరునామాను ప్రధానంగా ఉంచుకోవడం ఆచరణకు అనుకూలం.

డొమైన్‌ను సైటుకు కలపడానికి, కొన్న చోట డీఎన్ఎస్ సెట్టింగ్స్‌లో హోస్టింగ్ సేవ చెప్పిన వివరాలను నమోదు చేయాలి. అది అంతటా అమలులోకి రావడానికి కొన్ని గంటలు, ఒక్కోసారి రోజు పైగా పట్టవచ్చు. ఆ తరువాత హెచ్‌టీటీపీఎస్ రక్షణ తప్పనిసరి చేసే ఎంపికను నొక్కాలి. దానికి కావలసిన ధ్రువపత్రాన్ని హోస్టింగ్ సేవలే ఉచితంగా తెచ్చిపెడతాయి, గడువు తీరకముందే పునరుద్ధరిస్తాయి. డొమైన్ గడువును గుర్తుంచుకోవలసింది మాత్రం మనమే. పునరుద్ధరణ మరిచిన పేరును మరొకరు కొనుక్కుంటే, మన కుటుంబ చిరునామాలో జూదం ప్రకటనలు దర్శనమివ్వవచ్చు.

ఎవరి ఫొటో, ఎవరి అనుమతి?

స్టాటిక్ సైటులో ఉంచినది ప్రపంచమంతటికీ బహిరంగమే. చిరునామా ఎవరికీ చెప్పలేదు కదా అన్నది రక్షణ కాదు. సెర్చ్ ఇంజిన్లు రావద్దని రాసే రోబోట్స్ ఫైలు కేవలం ఒక అభ్యర్థన. పేజీలో జావాస్క్రిప్ట్‌తో పాస్‌వర్డ్ అడిగే ఏర్పాటు కూడా నామమాత్రమే. అసలు ఫొటో చిరునామా తెలిసినవారు దానిని దాటి నేరుగా తెరవగలరు.

ఫోన్ ఫొటోలలో ఎగ్జిఫ్ అనే అదృశ్య సమాచారం ఉంటుంది. లొకేషన్ ఆన్‌లో ఉంటే తీసిన స్థలం అక్షాంశ రేఖాంశాలతో సహా అందులో నమోదవుతుంది. ఇంట్లో తీసిన పిల్లల పుట్టినరోజు ఫొటో ఆ ఇంటి చిరునామాను చెప్పేస్తుందన్నమాట. ఎక్కించే ముందు ఎగ్జిఫ్‌టూల్ వంటి ఉచిత సాధనంతో దానిని తుడిచివేయాలి. అసలు ప్రతిలో మాత్రం అలాగే ఉంచుకోవాలి. భావితరాలకు తేదీ, స్థలం చెప్పేది అదే.

గిట్‌హబ్ వాడేవారు ప్రత్యేకంగా తెలుసుకోవలసినది ఇంకొకటి ఉంది. ఉచిత ఖాతాలో పేజెస్ వాడాలంటే రిపోజిటరీ బహిరంగంగా ఉండాలి. గిట్ వ్యవస్థ ప్రతి మార్పునూ చరిత్రతో సహా భద్రపరుస్తుంది. ఈ రోజు ఎక్కించిన ఫొటోను రేపు తొలగించినా, అది సైటులో కనిపించదే కానీ, రిపోజిటరీ చరిత్రలో అలాగే ఉంటుంది. వెదికేవారికి దొరుకుతుంది. దానిని నిజంగా చెరపాలంటే చరిత్రనే తిరగరాయాలి, లేదా రిపోజిటరీని తొలగించి కొత్తది పెట్టాలి. కాబట్టి ‘ముందు పెడదాం, ఎవరైనా వద్దంటే తీసేద్దాం’ అన్న ధోరణి ఇక్కడ పనికిరాదు. బతికి ఉన్నవారిని, ముఖ్యంగా పిల్లల తల్లిదండ్రులను, ముందే అడగాలి.

హక్కుల విషయానికి వస్తే, 1957 నాటి భారత కాపీరైట్ చట్టం ప్రకారం డబ్బు చెల్లించి తీయించుకున్న ఫొటోకు, వేరే ఒప్పందం లేకపోతే, తొలి హక్కుదారు తీయించుకున్నవారే. పెళ్లి ఆల్బమ్‌లకు ఇది వర్తిస్తుంది. ఒప్పందపత్రంపై సంతకం చేసి ఉంటే అందులో ఏమున్నదో చూసుకోవాలి. పత్రికలో వచ్చిన ఫొటోను, మరొకరి ఖాతా నుంచి దించుకున్న ఫొటోను మన దగ్గర ఉంది కదా అని పెట్టరాదు. మన ఫొటోలను ఇతరులు వాడుకోవచ్చో లేదో, ఏ షరతులతో వాడుకోవచ్చో క్రియేటివ్ కామన్స్ లైసెన్సులలో ఒకదాని పేరుతో పేజీ అడుగున ప్రకటించవచ్చు.

వివరణలు, భద్రత

గ్యాలరీలో అత్యంత విలువైనది ఫొటో కింద ఉండే రెండు వరుసలే. ఎవరు, ఎడమ నుంచి కుడికి ఏ వరుసలో, ఏ ఊరు, ఏ సంవత్సరం, ఏ సందర్భం అన్నవి రాయాలి. సంవత్సరం కచ్చితంగా తెలియకపోతే ‘సుమారు’ అని చేర్చాలి. ‘పెద్దమ్మ’, ‘మావయ్య’ అని మాత్రమే రాస్తే ముప్పై ఏళ్ల తరువాత చదివే మనవరాలికి అది ఎవరి పెద్దమ్మో తెలియదు. పూర్తి పేరు రాసి, బంధుత్వాన్ని పక్కన చెప్పాలి. మునిగిన ఊరి విషయంలోనైతే ఇల్లు ఏ వీధిలో, ఏ గుడికి ఎటువైపు ఉండేదో కూడా రాయాలి. వెళ్లి చూసి సరిచేసుకోవడానికి ఇక ఆ వీధి లేదు.

ఈ పనిని పెద్దవారి పక్కన కూర్చుని చేయాలి. సైటు రూపకల్పన వచ్చే ఏడాది చేసుకున్నా నష్టం లేదు. ఎనభై ఏళ్ల అత్తయ్యగారి జ్ఞాపకం అంతవరకు ఆగకపోవచ్చు. ఫోన్‌లో ఆమె మాటలను రికార్డు చేసుకుని, తరువాత తీరికగా రాసుకోవచ్చు. అనుమతి ఉంటే ఆ శబ్దఖండాన్ని కూడా ఫొటో పక్కన ఉంచవచ్చు. ఎంపీ3 ఫైలుకు ఆడియో ట్యాగ్ ఒక్కటి చాలు.

చివరగా, సైటును భద్రపరచుకునే ఏర్పాటు. సైటు ఫోల్డర్ అంతా కలిపి 40 మెగాబైట్లే కనుక ఒక పెన్‌డ్రైవ్‌లో వేసి, వేరే ఊరిలో ఉన్న బంధువు దగ్గర ఉంచవచ్చు. ఇండెక్స్ ఫైలుపై రెండుసార్లు నొక్కితే, ఇంటర్నెట్ లేకున్నా గ్యాలరీ తెరుచుకుంటుంది. స్కాన్ చేసిన అసలు ప్రతులను కనీసం రెండు వేర్వేరు డిస్కులలో, ఒకటి ఇంటి బయట, ఉంచాలి. 1996లో స్థాపితమైన ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో మన పేజీ చిరునామా ఇచ్చి, భద్రపరచమని కోరితే వారి వేబ్యాక్ మెషీన్‌లో ఒక ప్రతి నిలుస్తుంది. జియోసిటీస్ మూతపడినప్పుడు అందులోని ఎన్నో పేజీలు మిగిలింది ఇటువంటి సంస్థల చొరవ వల్లనే. హోస్టింగ్ ఖాతా, డొమైన్ ఖాతాల వివరాలను కుటుంబంలో మరొకరికి, వయసులో చిన్నవారికి, కాగితంపై రాసి ఇవ్వాలి. పాస్‌వర్డ్‌తో పాటు ధ్రువీకరణ కోడ్ ఏ ఫోన్ నంబరుకు వస్తుందో కూడా ఆ కాగితంలో ఉండాలి.